మేడంగారి ఆయన

ఆ కాలేజీలో కరెంటు పనులు చూసే మనిషి నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. అదొక గొప్పగానే చెప్పుకునేవాడు. నిచ్చెన భుజాన వేసుకుని స్టాఫ్‌రూమ్ నుంచి హాస్టల్ దాకా తిరిగేవాడికి తెలియని విషయం ఏముంటుంది? ఆయన పైన ఫ్యాను రెక్కలు విప్పుతుంటే కిందివాళ్ళు అక్కడొక మనిషున్నాడన్న సంగతే మరిచిపోయి మాట్లాడుకునేవారు. ఏ లెక్చరరుకు ఎవరంటే పడదో, ఎవరి ప్రమోషన్ ఎక్కడ ఆగిందో, ఎవరింట్లో పెళ్ళిమాటలు నడుస్తున్నాయో అన్నీ ఆయన దగ్గర వేడివేడిగా దొరికేవి. పిల్లలు ఆయనను 'కరెంటు బాబాయ్' అనేవారు. ఆయన భార్య అదే కాలేజీ లైబ్రరీలో అటెండరు. బాబాయ్ భార్య కాబట్టి ఆమె 'పిన్ని' అయింది. అంతకు మించి ఆమెకు ఇంకో పేరు అక్కర్లేదనే ఆయన అనుకునేవాడు.

ఆమె మాటల మనిషి కాదు. వచ్చిన పుస్తకాలు సర్దడం, చిరిగిన అట్టలు అంటించడం, సాయంత్రం ఆయన చెప్పే కబుర్లు వింటూ కూర తరగడం, ఇదీ ఆమె రోజు. "నీతో మాట్లాడేకన్నా స్విచ్‌బోర్డుతో మాట్లాడటం నయమే. అది షాకైనా కొడుతుంది" అనేవాడాయన. ఆమె నవ్వి ఊరుకునేది.

ఇలా ఉండగా కాలేజీలో ఒక కమిటీ వేశారు. ఆడపిల్లలను వేధించినా, ర్యాగింగ్ పేరుతో కొట్టినా, పుట్టుకనో భాషనో పట్టుకుని ఎవరినైనా తక్కువగా చూసినా ఆ కమిటీకి చెప్పుకోవచ్చు. లెక్చరర్లు కాని సిబ్బందిలో నుంచి కూడా ఒకరుండాలన్నారు. ఆ మాట స్టాఫ్‌రూమ్ ఫ్యాను దగ్గర చెవిన పడగానే ఆయన మర్నాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పిల్లలకు తలలో నాలుకలాంటి మనిషి తను కాక ఇంకెవరున్నారు? అనుకున్నట్టే ప్రిన్సిపాల్ పిలిచాడు.

"మీ ఆవిడ ఇవాళ వచ్చిందా? ఒకసారి పంపించు" అన్నాడు.

అసలు మంట అక్కడ మొదలైంది. ఆఫీసు పక్క గోడకు కమిటీ బోర్డు పెట్టారు. దాని మీద అయిదు పేర్లు, అయిదోది ఆమెది. చీకటిగా ఉంది, పైన ట్యూబ్‌లైట్ బిగించమన్నారు. ఎవరికి చెబుతారు? ఆయనకే. తన పేరు ఏ గోడ మీదా లేని మనిషి నిచ్చెనెక్కి, పెళ్ళాం పేరు బాగా కనబడేలా లైటు సరిచేసి దిగాడు. ఆ రోజు ఇంట్లో భోజనం సహించలేదు. "ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఉప్పు సరిగానే ఉంది.

వారానికోసారి ఆమె ఆలస్యంగా రావడం మొదలైంది.

"ఏం జరిగింది?" అనేవాడు చెప్పులు విప్పకముందే.

"మీటింగ్ జరిగిందండీ."

"మీటింగ్‌లో ఏం జరిగింది?"

"మాట్లాడుకున్నాం."

"ఏం మాట్లాడుకున్నారు?"

"బయట చెప్పకూడదండీ" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది.

బయట! మొగుడు బయటివాడా? ఇన్నేళ్ళూ లోకంలో మాటలన్నీ మోసుకొచ్చి ఆమె ముందు పోస్తే విన్నదిగదా, ఇప్పుడు తన వంతు వచ్చేసరికి మూత బిగించిందా? ఆయనకు నిద్రపట్టేది కాదు. ఆమె హాయిగా నిద్రపోయేది. అదింకా కష్టంగా ఉండేది.

దీనికి తోడు కమిటీలో బయటినుంచి వచ్చే వకీలు ఒకడు. మీటింగ్ పొద్దుపోతే ఆమెను తన కారులో సందు మొదట్లో దింపి వెళ్ళేవాడు. ఒకరోజు కరెంటు బాబాయ్ మేడ మీంచి చూశాడు. తెల్లచొక్కా, నల్లటి జుట్టు. దిగుతూ ఆమె ఏదో అంది, లోపలివాడు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. జోకు వేసింది ఆమేనా? ఇంట్లో ఒక్క జోకు వేసిన పాపాన పోలేదే.

"ఏంటంత నవ్వు?" అన్నాడు పైకి రాగానే.

"నేను హ్యాండ్‌బ్యాగ్ అంటే ఆయన శాండ్‌విచ్ అని విని, వద్దమ్మా నాకు ఆకలి లేదన్నాడు."

ఇందులో నవ్వడానికేముందో ఆయనకు అర్థం కాలేదు.

కాలేజీలో కూడా గాలి మారింది. పిల్లలు ఆమెను పిన్ని అనడం మానేసి మేడం అంటున్నారు. కొత్తగా చేరిన పిల్లలిద్దరు వరండాలో ఆయనను చూసి, "ఆయనెవరే?" అంటే, "లైబ్రరీ మేడంగారి ఆయన" అని చెప్పుకోవడం స్వయంగా విన్నాడు. చేతిలో టెస్టరు జారి కింద పడింది.

ఆయన కుళ్ళు పసిగట్టినవాడు ఒకడున్నాడు. ఫిజిక్స్ ల్యాబ్ చూసే సీనియర్ లెక్చరరు. ఆయనను 'తమ్ముడూ' అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగే పెద్దమనిషి ఆ కాలేజీలో ఈయనొక్కడే. ఆ మర్యాదకు కరెంటు బాబాయ్ ఎప్పుడూ పొంగిపోయేవాడు. ఒక మధ్యాహ్నం టీ బంకు దగ్గర లెక్చరరు గొంతు తగ్గించాడు.

"తమ్ముడూ, నా మీద ఎవరో కమిటీకి ఎక్కారని గాలి మాట వచ్చింది. నోటీసు నా దాకా రాకముందే అదెవరో తెలిస్తే బాగుంటుంది. కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతా. మీ ఇంట్లోనే ఉందిగా మనిషి. కాస్త ఉప్పందించు."

ఆయనకు గర్వంగా అనిపించింది. మళ్ళీ తన దగ్గరికే వచ్చారు. సాయంత్రం ఆమె కూరగాయలు ముందేసుకుని కూర్చోగానే మొదలుపెట్టాడు. తీయగా అడిగాడు, కోపంగా అడిగాడు, అలిగి చూశాడు.

"నాకు చెప్పకూడని మాట కూడా ఉందా నీ కడుపులో?"

"ఉందండీ. కానీ అది నాది కాదు" అంది ఆమె. "నాదైతే మీకు కాక ఎవరికి చెబుతాను?"

"ఆ వకీలుకు చెబుతావుగా."

ఆమె కత్తిపీట పక్కకు నెట్టి ఆయన మొహంలోకి చూసింది. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

మర్నాటినుంచి ఆయన కాపు కాశాడు. లైబ్రరీలో ఏ లైటూ చెడిపోకపోయినా ఏదో ఒకటి విప్పి బిగించేవాడు. ఒకరోజు పాత పత్రికల బీరువాల వెనక నిచ్చెన మీద ఉండగా కిందికి ఆమె వచ్చింది. వెనకే ఒక అమ్మాయి. సోడాబుడ్డి కళ్ళద్దాలు, హాస్టల్లో ఎప్పుడూ గీజర్ చెడిపోయిందని ఆయన వెంటపడే పిల్ల. ఇప్పుడు కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ప్రాక్టికల్ మార్కులు ల్యాబ్ సార్ చేతిలోనే ఉన్నాయి మేడం. రాత్రంతా అదే ఆలోచన. వెనక్కి తీసుకోనా?"

"నీ ఇష్టం. వద్దనుకుంటే ఎవరూ బలవంతం చేయరు. కానీ మార్కులకు భయపడి మాత్రం తీసుకోకు. నీ ప్రాక్టికల్ మార్కులు వేరేవాళ్ళు వేయాలని రాసిచ్చాం."

"ఎవరికైనా తెలిస్తే?"

"మా అయిదుగురి దగ్గరే ఉంటుంది."

"మరి... బాబాయ్‌కి? బాబాయ్‌కి తెలిస్తే మైకులో చెప్పినట్టే కదా మేడం."



"ఆయనకు నేను చెప్పను" అంది భార్య. అంతే. అలాంటివాడని అనలేదు, కాదనీ అనలేదు.

వాళ్ళు వెళ్ళాక కూడా ఆయన చాలాసేపు దిగలేదు. ఆ పిల్ల గీజరు ఎన్నిసార్లు బాగుచేశాడు! 'బాబాయ్, బాబాయ్' అని వెంట తిరిగేది. అలాంటి పిల్ల ఇంత కష్టంలో ఉండి తన పేరు తలుచుకుని వణికింది. భార్య ముందు మాత్రం కళ్ళద్దాలు తీసేసి ఏడ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కాసేపు భార్య మీదే తెచ్చుకున్నాడు. అదీ నిలవలేదు.

ఇప్పుడు కావలసిన పేరు ఆయన దగ్గరుంది. టీ బంకు దగ్గర లెక్చరరు ఆత్రంగా ఎదురొచ్చాడు.

"ఏమైంది తమ్ముడూ?"

"తెలియలేదు సార్."

"నీకు తెలియకపోవడమేంటి?" అని లెక్చరరు నవ్వాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు. "అవునులే. ఆవిడకిప్పుడు కార్లలో తిరిగే స్నేహాలు. నీకెందుకు చెబుతుంది? ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటున్నారో నీకు తెలుసా?"

ఆ మాట ఆయనే ఎన్నో రాత్రులు తనలో తాను అనుకున్నదే. కానీ ఇంకొకడి నోట వినేసరికి సహించలేకపోయాడు. తన కుళ్ళు తనది. దాన్ని ఈయన ఎందుకు కెలుకుతున్నాడు? కెలికితే మండుతుందని తెలిసే కెలుకుతున్నాడు. ఇన్నాళ్ళూ టీ పోసింది ఇందుకా? అన్నిటికన్నా, జన్మలో మొదటిసారి తన దగ్గరా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. దాన్ని తీసుకెళ్ళి ఈ మనిషి గుప్పిట్లో పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు.

"నాకు తెలియదు సార్" అన్నాడు మళ్ళీ.

లెక్చరరు చెయ్యి తీసేశాడు. "ల్యాబ్‌లో వైరింగ్ అంతా అతుకులు. రాసి పంపానంటే నీ ఉద్యోగానికి ఏమవుతుందో ఆలోచించుకో" అని టీ సగంలో వదిలేసి వెళ్ళాడు.

ఇంటికి వస్తూనే ఆయన, "ఇవాళ ఆ ల్యాబ్ సార్ నన్ను..." అని మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆగండి. అది ఇంట్లో వినే మాట కాదు. కమిటీ పెద్ద మేడంకు చెప్పండి."

"మొగుడు నోరు విప్పాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలా?"

"ఈ ఒక్క మాటకు పెట్టుకోవాలి."

రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడో రోజు వెళ్ళి పెద్ద మేడంకు చెప్పాడు. న్యాయం కోసమని ఆయన తర్వాత అందరితో అనేవాడుగానీ, నిజానికి ఆ గదిలోపల ఎలా ఉంటుందో, భార్య వారం వారం ఏ కుర్చీలో కూర్చుంటుందో చూడాలన్న కోరిక కూడా అందులో సగముంది.

పిలిచిన రోజు ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే భార్య లేచి బయటికి వెళ్ళిపోయింది. సొంత మనిషి చెబుతుంటే వినకూడదట. ఆమె ఎదురుగానే చెప్పాలని నాలుగు మాటలు అందంగా కూర్చుకుని వచ్చాడు. అవన్నీ ఎగిరిపోయాయి. దగ్గరనుంచి చూస్తే వకీలుకు ఏడు పదులు దాటి ఉంటాయి, జుట్టుకు రంగు, ఒక చెవి బొత్తిగా వినబడదు. "గట్టిగా చెప్పు నాయనా" అంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. రహస్యంగా చెప్పాల్సినది అరిచి చెప్పాల్సి వచ్చింది.

అంతా అయ్యాక పెద్ద మేడం అడిగింది. "మీకు ఆ అమ్మాయి ఎవరో తెలియదు కదా?"

తెలియదంటే సరిపోయేది. "తెలుసండీ. మా ఆవిడ చెప్పలేదు. లైబ్రరీలో నిచ్చెన మీద ఉండి విన్నాను. ఆమె తప్పేం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పను."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, ఆయన ఏం చెప్పాడని అడుగుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ఆమె అడగలేదు. తెలుసుకోవాలని లేకుండా ఒక మనిషి ఎలా ఉండగలదో ఆయనకు అంతుబట్టలేదు, దానికీ కుళ్ళుకున్నాడు. కంచాలు పెడుతూ ఆమె మాత్రం ఒక్క మాట అంది.

"ఇకమీదట పిల్లలతో తలుపు వేసిన గదిలోనే మాట్లాడమన్నారు. బీరువాల మధ్య మాట్లాడాల్సి వస్తే ముందు పైకి చూసుకోమన్నారు."

ఆయన తల దించుకుని తిన్నాడు. ఆమె నవ్వు ఆపుకుంటోందని తల ఎత్తకుండానే తెలిసింది.

విచారణ చాలా రోజులు సాగింది. తీగ లాగితే డొంక కదిలినట్టు, చదువైపోయి వెళ్ళిపోయిన అమ్మాయిలు ఇద్దరు తిరిగి వచ్చి చెప్పారు. ప్రాక్టికల్ అయ్యాక ఒక్కరినే ఉండమనడం, పరికరం పట్టుకోవడం నేర్పుతానని చెయ్యి పట్టుకోవడం, ఎదురుచెబితే మార్కులు కోయడం, అందరిదీ ఒకే కథ. సాక్షులను బెదిరించాడన్న మాట కూడా కరెంటు బాబాయ్ వల్ల తేలింది. లెక్చరరును ఉద్యోగంలోంచి తీసేశారు. పోతూపోతూ ఆయన ల్యాబ్ వైరింగ్ గురించి రాసే పోయాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు చూస్తే అతుకులు నిజమే. కరెంటు బాబాయ్ చివాట్లు తిని, వైర్లు మొత్తం మళ్ళీ లాగాల్సి వచ్చింది.

అదే పనిలో కమిటీ చెప్పిన మార్పులూ చేశాడు. ల్యాబ్ వెనక వరండాలో చీకటి లేకుండా వరసగా లైట్లు పెట్టాడు. తలుపులకు వడ్రంగి అద్దాలు బిగిస్తుంటే పట్టుకుని నిలబడ్డాడు.

పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు ఆ కళ్ళద్దాల పిల్ల లైబ్రరీకి పరుగెత్తుకుంటూ రావడం చూశాడు. భార్యను కౌగిలించుకుని చెవిలో ఏదో చెప్పింది. భార్య కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల ఏం చెప్పిందో ఆయనకు ఎప్పటికీ తెలియదు. గుమ్మం బయట నిచ్చెన పక్కన నిలబడి, వెళ్ళేటప్పుడు తనవైపు కూడా ఒక మాట వస్తుందేమోనని చూశాడు.

వచ్చింది. "బాబాయ్, మా రూమ్‌లో ఫ్యాను కటకటమంటోంది. కాస్త చూడవా?"

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"మొన్నటినుంచి."

"మొన్ననే చెప్పొద్దూ" అని విసుక్కుంటూ నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.