ఫైలులో ఎడమ వైపు

మా ఆఫీసుకి పెద్ద నేరాలే వస్తాయి. చిల్లర దొంగతనాలు, తాగి బండి నడపడాలు కింది అంతస్తులో ఇంకొకాయన చూసుకుంటాడు. ఇల్లు తగలబెట్టాడన్నా, మనిషిని పొడిచాడన్నా ఆ కేసు మెట్లెక్కి మా దగ్గరికి రావాల్సిందే. కెంటకీ కొండల్లో మాది చిన్న కౌంటీ, జిల్లా అనుకోండి. ఆఫీసంతా కలిపి నలుగురం. ఆరేళ్ళకోసారి ఓట్లడిగి గెలిచే ప్రాసిక్యూటర్ గ్రేడీ హోల్‌బ్రూక్, ఆయన కింద కేసులు వాదించే నేను, పోలీసు ఉద్యోగం విరమించి మా దగ్గర చేరిన డిటెక్టివ్ వుడ్రో, నెల్డా ఫ్యూగేట్. తలుపు మీద పేరు గ్రేడీదే కానీ ఆఫీసు నెల్డాది. ఈ మాట ఆయన ఎదుటే అంటుంటాను, ఆయనా కాదనడు.

నెల్డాకి అరవై మూడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. ఫోన్లు ఎత్తడం, ఫైళ్ళు కట్టడం, సాక్షుల్ని కనిపెట్టుకోవడం ఆవిడ పని. సాక్షుల్ని కనిపెట్టుకోవడమంటే మాటలు కాదు. బురద బూట్లతో వచ్చినవాళ్ళ కోసం ఆవిడ బీరువాలో ఏడు జతల బూట్లుంటాయి. మెడకి టై కట్టుకోవడం రానివాడికి తనే కడుతుంది. భయంతో గొంతు పెగలని వాళ్ళని పక్కన కూచోబెట్టుకుని, "ఆ లాయర్ల వంక చూడకు నాయనా, వాళ్ళు చూడ్డానికి ఏమంత బాగుండరు. జ్యూరీలో మూడో వరసావిడ వంక చూడు, మీ పిన్నిలా ఉంది" అంటుంది. అంత వణుకులోనూ మనిషి నవ్వేస్తాడు.

ఆవిడ ఫైలు కట్టే పద్ధతి ఒకటుంది. అట్ట తెరిస్తే కుడి వైపు కేసు కాగితాలు. వాటిలో ప్రతి పేజీకీ వరస అంకె ముద్ర వేసి, ఒక నకలు ముద్దాయి లాయరుకి పంపుతుంది. ఎడమ వైపు మా సొంత గొడవ: మా రాతలు, మా లెక్కలు, ఎవరు ఫోన్ చేశారో రాసుకున్న గులాబీ రంగు చీటీలు. వాటికి ముద్ర ఉండదు, అవి ఆఫీసు దాటవు. ఈ పద్ధతి నెల్డాయే పెట్టింది. మా కౌంటీలో జడ్జి కూడా దాన్ని మెచ్చుకునేవాడు.

డార్ల్ నేపియర్ కేసు జనవరి చివర్లో మొదలైంది. వాళ్ళ పిన్ని ఐసీ ఇల్లు ఒక మధ్యాహ్నం కాలిపోయింది. ఆవిడ చర్చిలో ఉండబట్టి బతికింది. కంచె గురించి పిన్నికీ డార్ల్‌కీ రెండేళ్ళుగా పడటం లేదు. పైగా చర్చి విందులో అందరూ వింటుండగా, "ఆ కొంపకి నిప్పెట్టేస్తా" అని అరిచాడు. మా ఊళ్ళో అలాంటి మాట అన్నవాణ్ణి వెతుక్కుంటూ పోవక్కర్లేదు. సాయంత్రానికల్లా వుడ్రో పాత పోలీసు సావాసగాళ్ళు అతన్ని జైల్లో పెట్టారు. జామీను కట్టే స్తోమత లేదు, అక్కడే ఉండిపోయాడు.

లాయరు నోరు విప్పొద్దన్నాడని డార్ల్ మూడు నెలలు మాట్లాడలేదు. ఏప్రిల్లో విప్పాడు. ఇల్లు కాలేవేళకి తను ఇరవై మైళ్ళ అవతల ఒక పెట్రోలు బంకులో ఉన్నాడట, టైరు పగిలిందట, బంకులో పనిచేసేవాడే, కుర్రాడు కాదు, గడ్డం ఉన్న పెద్దమనిషొకడు స్టెప్నీ బిగించి పెట్టాడట. పేరు తెలియదు. బంకు యజమానిని అడిగితే, "నా దగ్గర వారానికొకడు మానేస్తాడు, ఎవడని చెప్పను?" అన్నాడు. ఆ తర్వాతి వాయిదాలో నేను కోర్టులో ఊరుకోలేదు. "ఆ గడ్డపాయన నిప్పు వాసన తగలగానే మాయమైపోయాడు కాబోలు" అన్నాను. జనం నవ్వారు. నాకు నోటి దురుసు ఎక్కువ, ఆ రోజు దానికి మెచ్చుకోళ్ళు కూడా దొరికాయి.

ఐసీని కోర్టుకి తీసుకురావడం, తీసుకెళ్ళడం నెల్డా వంతు. ఇల్లు కాలాక ఆవిడ అక్క ఇంట్లో తలదాచుకుంది. ఆ అక్క మాగ్నోలియా, డార్ల్ కన్నతల్లి. కొడుకు పేరు ఆ ఇంట్లో ఎత్తకూడదు. నెల్డా మొక్కజొన్న రొట్టె కాల్చి పట్టుకెళ్ళేది, అక్కచెల్లెళ్ళిద్దరి మధ్యా కూచునేది. "ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకే చెంప పగలగొట్టాలనిపిస్తుంది" అని నాతో అనేది. ఆవిడకి డార్ల్ తప్పు మీద ఎలాంటి అనుమానమూ లేదు.

సెప్టెంబరులో ఒక సోమవారం జ్యూరీ ముందు అసలు విచారణ. దానికి ముందు శుక్రవారం నెల్డా ఫైలు విప్పింది. ఇది ఇంకో ఆచారం. విచారణకి ముందు ఫైలులో ప్రతి కాగితాన్నీ, రెండు వైపులవీ, ఆవిడ పైకి చదవాలి, మేం వినాలి. నాకు అది శిక్ష. బల్ల అంచున కూచుని బ్రెడ్డూ జున్నూ తింటూ వింటున్నాను, అంటే వింటున్నట్టు నటిస్తున్నాను. ఆవిడ ఎడమ వైపు చీటీలు ఒక్కొక్కటే చదువుతోంది.

"ఫిబ్రవరి తొమ్మిది. రాస్కో విట్ అనే ఆయన. ఇండియానాలో చెల్లెలి ఇంటి నంబరు. నేపియర్ టైరు సంగతి మాట్లాడాలి, మళ్ళీ ఫోన్ చెయ్యమన్నాడు."

చదివి ఆగిపోయింది. నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"ఏదీ, మళ్ళీ చదువు" అన్నాను.

"మళ్ళీ చదివితే మారుతుందా తల్లీ?" అంది. చీటీ నా వైపు తిప్పింది. "టైరు బాకీ ఏదో ఉందేమో అనుకున్నాను. అప్పటికి వాడి నోట టైరు మాటే లేదుగా. ఎడమ వైపు గుచ్చేశాను."

చీటీ మీద పైన 'రొవీనాకి' అని ఉంది. రొవీనా నేనే. ఏడు నెలల్లో నేను ఎడమ వైపు ఒక్కసారీ తిప్పలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మేం వెతికింది కూడా లేదు, ఎగతాళి చేశాం.

నెల్డా ఆ నంబరుకి అక్కడికక్కడే ఫోన్ చేసింది. అవతలాయన, "ఇన్నాళ్ళకా! పేపర్లో చూసి ఫోన్ చేశానమ్మా. ఆ మర్నాడే నాకు ఇక్కడ గిడ్డంగిలో పని. మీరు పిలవకపోతే, ఇంక అక్కర్లేదు కాబోలు, వదిలేశారేమో అనుకున్నా" అన్నాడు.

గ్రేడీ గదిలోంచి వచ్చి చీటీ చేతిలోకి తీసుకున్నాడు. నవంబరులో ఆయన ఎన్నిక. కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఫోను చీటీలు మన సొంతం కదా, పంపే లెక్కలోకి వస్తాయా?" అన్నాడు. అడిగాడంతే, పాపం. ఆయన చెడ్డవాడు కాదు.

నెల్డా చీటీ లాక్కుని బల్ల మీద పెట్టి ముద్ర కొట్టింది. నాలుగు వందల పన్నెండు. "వేసేశాను. ఇక వచ్చే కాగితానికి పదమూడు పడుతుంది, మధ్యలో ఈ అంకె లేకపోతే వాళ్ళ లాయరు అడుగుతాడు, అదేదీ అని. నువ్వే చెప్పుకోవాలి" అంది.

"నేను ఒద్దన్నానా నెల్డా?"

"అనకముందే వేశాను."

వుడ్రో ఆ సాయంత్రమే ఇండియానా బయల్దేరాడు. ఆ మధ్యాహ్నం డార్ల్‌కి స్టెప్నీ బిగించింది తనేనని రాస్కో విట్ ఇచ్చిన వాంగ్మూలంతో ఆదివారం తిరిగొచ్చాడు. బంకులో ఆయన హాజరు కార్డు కూడా సరిపోయింది. సోమవారం జ్యూరీ కూచోకముందే నేను లేచి కేసు వెనక్కి తీసుకుంటున్నామన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. డార్ల్ నా వంక చూడలేదు. చూడకపోవడమే మేలనుకున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు అతను తన ట్రక్కు తాళాలకోసం ఆఫీసుకి వచ్చాడు. పోలీసులు పట్టుకున్న వస్తువులు తిరిగివ్వాలంటే నెల్డా బల్ల దగ్గర సంతకం పెట్టాలి. పెట్టాడు. నెల్డా లేచి నిలబడింది.

"డార్ల్, ఆ చీటీ ఏడు నెలలు నా దగ్గరే ఉంది. రాసింది నేను, పక్కన పెట్టింది నేను. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు."

"నా పేరు మీదుంది అది. చదవాల్సింది నేను" అన్నాను.

అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కోపం కోసం ఎదురుచూశాను, రాలేదు. "మా అమ్మ ఒక్కసారి కూడా జైలుకి రాలేదండీ. ఆ కాగితం నకలొకటి ఇప్పిస్తారా? నోటితో చెప్తే నమ్మదు" అన్నాడు.

"నకలెందుకు నాయనా?" నెల్డా కోటు తగిలించుకుంది. "ఆ చేతిరాత నాదని మీ అమ్మకి తెలుసు. పద, నేనే వస్తా."

నన్నూ రమ్మంది. ముగ్గురం ఆ ట్రక్కులోనే వెళ్ళాం. ఐసీ మమ్మల్ని కిటికీలోంచి చూసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మాగ్నోలియా వరండాలోకి వచ్చింది. నెల్డా చీటీ ఇచ్చి, ఏమీ దాచకుండా చెప్పింది, నిలబడే చెప్పింది. మాగ్నోలియా కొడుకు వంక చూడకుండా కాగితం చాలాసేపు చదివింది. ఉన్నవి మూడే లైన్లు.

"ఫిబ్రవరి తొమ్మిదా?" అంది చివరికి.

"అవును మాగ్నోలియా."

"పదో తారీఖున నేను జైలు మెట్ల దాకా వచ్చాను" అంది. "ఎక్కలేక వెనక్కి వెళ్ళిపోయాను."