ఎండబెట్టిన రేకు

మా నాన్న పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టి విరిచి, ఆ చప్పుడుతోనే ఎండిందో లేదో చెప్పేస్తాడు. ఆర్మూర్ మార్కెట్‌లో ఆయన చెవికి ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. అలాంటి మనిషి కూతురినై, నేను చెవికి వినిపించని చప్పుళ్ల మీద పీహెచ్‌డీ చేశాను.

"ఇనవడని సప్పుడు ఎవలు కొంటరు బిడ్డా?" అని ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

ఆఖరి పరీక్షకు రెండు రోజుల ముందు, ల్యాబ్‌లో వదిలేయడానికి మనసొప్పక, నా అల్యూమినియం రేకును వెంట ఇంటికి తెచ్చుకున్నాను. దాని నిండా చిన్న చిన్న ముక్కోణపు రంధ్రాలు. మధ్యలో ఒక వంకర గీత. గీతకు అటువైపువి పైకి, ఇటువైపువి కిందికి చూస్తుంటాయి. అల్ట్రాసౌండ్ కంపనం ఆ గీత వెంటే పోవాలి. మలుపు వచ్చినా, దారిలో చిన్న దెబ్బ ఉన్నా వెనక్కి తిరగకూడదు. నా థీసిస్ మొత్తం ఇంతే.

"గట్లైతే మన మ్యాకల కన్న నయమే" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున కంపనం పుట్టించే బిళ్లను రేకుకు అతికించి, "జిగురు ఆరాలె, ఎవలు ముట్టొద్దు" అని చెప్పి కాసేపు పడుకున్నాను. లేచేసరికి రేకు లేదు. కల్లంలో, టార్పాలిన్ మీద, ఉడికించిన కొమ్ముల నడుమ ఎండుతోంది.

"ఏలుతోని కొట్టి సూసిన. సప్పుడు పచ్చికొమ్ము లెక్క వచ్చింది. ఆరలేదని ఎండల వెట్టిన" అన్నాడు నాన్న. కొమ్ములు తిరగేస్తుంటే పార తగిలి, సరిగ్గా గీత మీదే రెండు రంధ్రాలు నొక్కుకుపోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లారితే పరీక్ష. కొత్తది కోయించాలంటే వారం పడుతుంది. "నీ చెవులు పసుపుకే పనికొస్తయి నాయినా!" అని అరిచాను. ఆయన పార పక్కన పెట్టి, రేకు మీది పసుపు తుడిచాడు. హైదరాబాద్ బస్సు ఎక్కించేటప్పుడు రేకును తన కండువాలో చుట్టి ఇచ్చాడు. నేను థాంక్స్ కాదు కదా, వస్తానని కూడా చెప్పలేదు.

మర్నాడు పరీక్షకుల ముందు రేకుకు వైర్లు తగిలించి స్విచ్ వేశాను. తెర మీద కంపనం గీత వెంట నడిచింది, సొట్ట దగ్గరికి వచ్చింది, దాన్ని దాటుకుని మలుపు తిరిగింది. పరీక్షకుల్లో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఈ లోపం కావాలని పెట్టారా? చాలా బాగుంది."

సిగ్గులేకుండా అవునన్నాను.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. "పాసైన నాయినా. సొట్ట నేనే వెట్టిన్నని చెప్పిన." నిన్న అరిచినందుకు ఏదో అనాలనుకున్నాను, నోరు రాలేదు.

ఆయన గట్టిగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "జిగురు మంచిగ ఆరిందా బిడ్డా?"

"ఆరింది నాయినా" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.