ఈగ రాని కెటిల్

షెన్ చ్యూలాన్ గొంతు విన్నవాళ్ళెవరూ ఆమెను తిట్టలేరని మా ఓనరు లౌ నమ్మకం. ఆమె మా యీవూ ఊరి బస్టాండులో ఏళ్ళ తరబడి మైకులో బస్సుల పేర్లు చదివిన మనిషి. అక్కడ రికార్డు చేసిన గొంతు పెట్టాక ఆ ఉద్యోగం పోయింది. మా దగ్గర చేరింది.

మేం ఇంటి సామాను ఆన్‌లైన్‌లో అమ్ముతాం. గరిటెలు, చెప్పులు, బట్టలారేసే కొక్కేలు, పొయ్యి మీద పెట్టే కెటిళ్ళు. కొన్నవాళ్ళు రాసే నాలుగు ముక్కలే మాకు అన్నం పెట్టేది. ఐదు నక్షత్రాలు వేస్తే లౌ అందరికీ సిగరెట్లు పంచేవాడు. ఒక్క నక్షత్రం పడితే ఆ పూట టీ కూడా ముట్టేవాడు కాదు. అలా వేసినవాళ్ళకు ఫోన్ చేసి, బుజ్జగించి, రాసింది తీసేయించడం చ్యూలాన్ పని. పక్క బల్ల దగ్గర సామానుకు ఫొటోలు తీసేదాన్ని కాబట్టి ఆ మాటలన్నీ నా చెవిన పడేవి.

"బంగారం, చెప్పులు కంపు కొడుతున్నాయని రాశారు. కాసేపు ఎండలో పెట్టారా తల్లీ?"

"పెట్టాను. ఇప్పుడు ఎండే కంపు కొడుతోంది."

చ్యూలాన్ పగలబడి నవ్వింది. అవతలావిడా నవ్వేసింది. నవ్వాక ఇంకేం కోపం మిగులుతుంది? సాయంత్రానికి ఆ నక్షత్రం మాయమైంది.

చ్యూలాన్ భర్త లారీ మీద దేశం పడమటి కొసన ఉన్న షిన్‌జ్యాంగ్ దాకా పోయేవాడు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఇంట్లో ఆమె, ఆమె అత్తగారు. "రోజంతా దేశంలో వాళ్ళందరితో మాట్లాడి ఇంటికెళ్తే నోరు విప్పబుద్ధి కాదే. మా అత్త నేను మూగదాన్ని అనుకుంటోంది," అనేది నాతో.

ఆ ఏడాది చలి మొదలవుతుండగా ఈల కెటిల్ కింద ఒక అభిప్రాయం వచ్చింది. మా ఆఫీసులో ఒకతను పైకి చదివాడు.

"నీళ్ళు మరిగాయి. ఈగ రాలేదు. నేను ఈగ కోసమే ఈ కెటిల్ కొన్నాను. ఈగ లేకపోతే ఇది నాకెందుకు? అమ్మేవాళ్ళకి సిగ్గుండాలి."

అందరం కడుపు పట్టుకుని నవ్వాం. చ్యూలాన్ కూడా నవ్వింది. ఎవరో దాన్ని ఫొటో తీసి నెట్‌లో పెట్టారు. ఇక చూడాలి! ఊరూ పేరూ లేనివాళ్ళు మా కెటిల్ కిందకి వచ్చి రాయడం మొదలుపెట్టారు. "మాకు రెండు ఈగలొచ్చాయి, ఒకటి పంపించమంటారా?" అని ఒకరు. "ఈ సీజన్లో దోమతో సరిపెట్టుకోండి," అని ఇంకొకరు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో కొందరు కెటిల్ కొనుక్కుపోతున్నారు కూడా. లౌ ముఖం వెలిగిపోయింది.

"ఆయన్ని మాత్రం కదిలించకండి. అది ఈగ కాదు, అదృష్టదేవత," అన్నాడు.

చ్యూలాన్‌కు మాత్రం ఏదో తొలిచింది. "మతిలేనివాడైతే ఒకసారి ఈగ అంటాడు, ఇంకోసారి ఇంకేదో అంటాడు. ఈయన మొదటినుంచీ చివరిదాకా ఒకే మాట మీద ఉన్నాడు," అంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక ఫోన్ చేసింది. నేను నా డబ్బా తెచ్చుకుని పక్కనే కూర్చున్నాను.

"బంగారం, కెటిల్ కొట్టు నుంచి మాట్లాడుతున్నాను..."

"ఎవరమ్మా బంగారం? నాకు యాభై దాటాయి."

"సరే అన్నగారూ. మీరు రాసింది చూశాను. ఆ ఈగ సంగతి కనుక్కుందామని..."

"ఈగేంటి?"

"కెటిల్లో ఈగ రాలేదని రాశారుగా."

"ఈల! ఈల రాలేదన్నాను తల్లీ. నేను చెప్తుంటే ఫోనే రాసుకుంటుంది. చెప్పి నొక్కేశాను, మళ్ళీ వినలేదు. నాకు కళ్ళు కనపడవు."

చ్యూలాన్ కాగితం ముందుకు లాక్కుని ఆయన పేరూ ఊరూ అడిగింది.

ఆయన పేరు పాన్ షౌలిన్. చూజౌ అనే ఊళ్ళో ఒళ్ళు మర్దన చేసే కొట్టు నడుపుకుంటున్నాడు. వచ్చినవాళ్ళకు తువ్వాళ్ళు తడపడానికి, టీకి వేడినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. పాత కెటిల్ రైలు కూతలా కూసేదట. దానికి చిల్లి పడితే మాది తెప్పించుకున్నాడు.

"మీ కెటిల్ నోరు మెదపదు. ఇంకా కాగలేదనుకుని, కొమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూశాను."

"కాలిందా అన్నగారూ?"

"కాలక? ఆవిరి కొట్టింది. కుడిచేతి వేళ్ళు. మాలాంటివాళ్ళకి వేళ్ళేగా కళ్ళూ కూడూ. అప్పట్నుంచి కొట్టు మూసుకుని కూర్చున్నాను."

"మరి ఆ మాట రాయలేదేం?"

"కెటిల్ ఎలా ఉందో రాయమన్నారు. నేనెలా ఉన్నానో అడగలేదుగా!"

చ్యూలాన్ ముందున్న అన్నం చల్లారిపోయింది. ఆయనే మళ్ళీ అడిగాడు.

"ఈగ అని పడిందన్నావు. దాన్ని చూసి నవ్వుతున్నారా జనం?"

లేదని చెప్పడం ఆమెకు చిటికెలో పని. మనుషుల్ని ఊరడించే మాటలు ఆమె నాలుక చివరే ఉంటాయి.

"నవ్వుతున్నారన్నగారూ."

"చాలామందా?"

"చాలామందే. నేనూ నవ్వాను."

"నవ్వనీ. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కరైనా తమ కెటిల్ ఈల వేసిందన్నారా?"

ఫోన్ పెట్టేసి ఆమె ఆ కెటిల్ కింద రాసినవన్నీ మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టింది. బాగుంది. రంగు చాలా బాగుంది. పార్సిల్ తొందరగా వచ్చింది. మా కోడలికి నచ్చింది. ఈల గురించి ఒక్క ముక్క లేదు. ఫొటోలు పెట్టినవాళ్ళ కెటిళ్ళలో సగానికి అట్ట లేబులు కూడా ఊడదీయలేదు. ఐదు నక్షత్రాలు వేస్తే రెండు యువాన్లు వెనక్కిస్తామని ప్రతి పెట్టెలోనూ మేమొక చీటీ పెట్టేవాళ్ళం. జనం పెట్టె విప్పగానే నక్షత్రాలు వేసి, ఆ తర్వాత పొయ్యి వెలిగించుకునేవాళ్ళు.

చ్యూలాన్ గోడౌనులోకి వెళ్ళి చేతికందిన కెటిళ్ళు పట్టుకొచ్చింది. టీ పెట్టుకునే గదిలో ఒకదాని తర్వాత ఒకటి పొయ్యి ఎక్కించింది. మొదటిది చక్కగా కూసింది. "చూశావా, బాగానే ఉంది," అన్నాను నేను. రెండోది ముక్కు మూసుకుపోయినవాడిలా బుసబుసలాడింది. మూడోది కుతకుతలాడుతూ మరుగుతోంది గానీ నోరెత్తలేదు. తర్వాతదీ అంతే.

లౌ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటిది, టీ కొట్టు పెట్టారా?"

"ఓనరుగారూ, ఈ ఈలలు ఎక్కడివి?"

పాత ఈలలు చేసేవాడు కార్ఖానా మూసేశాడట. లౌ ఇంకొకడి దగ్గర చవగ్గా తెచ్చాడు. రేకు పలచన.

"ఈల లేకపోతే నీళ్ళు కాగవా?" అన్నాడు.

"కాగుతాయి. కాగినట్టు ఆయనకెవరు చెప్తారు?"

"ఎవరాయన? ఈగాయనా? ఫోన్ చేశావా నువ్వు?"

ఆమె జరిగినదంతా చెప్పింది. లౌ బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. తోపుడుబండి మీద సాక్సులు అమ్ముకుంటూ పైకొచ్చినవాడు. "పాపమే. ఆయనకి కొత్త కెటిల్ పంపు, మందులకి కాస్త డబ్బు కూడా పంపు. కానీ ఎక్కడా రాయొద్దు. నవంబరులో వచ్చే పెద్ద తగ్గింపు అమ్మకాలు అయ్యేదాకా ఆగు. ఆ తర్వాత చూసుకుందాం," అన్నాడు.

"ఆ అమ్మకాల్లో ఇవే అమ్ముతాంగా?"

"చ్యూలాన్! నోరు మూసుకుని ఉండమన్నాను."

"కెటిల్‌లాగానా?" అంది ఆమె.

లౌ తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ పాన్‌కు ఫోన్ చేసింది. "మీ చెయ్యి సంగతి నలుగురికీ చెప్పనా అన్నగారూ?"

"చెప్పు. జాలిపడేలా మాత్రం చెప్పకు. మా కొట్టుకి ఒళ్ళునొప్పులవాళ్ళు రావాలి గానీ జాలిపడేవాళ్ళు కాదు."

కొట్టు తరఫున జవాబులు రాసేది ఆమే కాబట్టి ఎవరినీ అడగనక్కర్లేదు. పాన్ అభిప్రాయం కిందే రాసింది: "ఇది ఈగ కాదు, ఈల. రాసినాయనకు చూపు లేదు, ఫోన్ తప్పు విన్నది. ఈల రాకపోవడం వల్ల ఆయన చెయ్యి కాలింది. మా దగ్గరున్న కెటిళ్ళు కాచి చూశాం. కొన్ని కూయడం లేదు. మీది కూయకపోతే చెప్పండి, ఈల మూత మార్చి ఇస్తాం. అప్పటిదాకా పొయ్యి దగ్గరే ఉండండి. — షెన్ చ్యూలాన్." పేరు చివర పెట్టక్కర్లేదు. అయినా పెట్టింది.

మధ్యాహ్నానికల్లా లౌ ఆఫీసు నడిమధ్యన నిలబడి అరిచాడు. "నా కొంప ముంచావు! నీకు నేనేం తక్కువ చేశాను?" ఆమె లేచి నిలబడి వింది. అప్పటికప్పుడే ఫోను లాక్కుని ఆమెను కింద ప్యాకింగుకు పంపేశాడు. మానేస్తుందనుకున్నాను. మానలేదు. "పెట్టెలకు టేపు అంటిస్తుంటే ఎవరూ తిట్టరులే," అంది. కానీ ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారంతా ముక్కు చీదుతూనే ఉంది.

ఆ జవాబు తీసేయమని లౌ ఎవరితోనూ చెప్పలేదు. తీసేస్తే ఇంకా రచ్చవుతుందని భయమో, మరేదో నాకు తెలియదు. జవాబులు మాత్రం వెల్లువెత్తాయి. "నాదీ మూగదే. రెండు యువాన్లకి కక్కుర్తిపడి బాగుందని రాశాను," అని ఒకామె. "మా అమ్మ పొయ్యి మీద పెట్టి పేకాటలో కూర్చుంది. అడుగు మాడి ఇల్లంతా పొగ," అని ఒకాయన. దోమతో సరిపెట్టుకోమన్న అతను తన మాట చెరిపేసుకున్నాడు. ఇంకెవరో, "నాది ఊరంతా వినపడేలా కూస్తుంది. ఆ పెద్దాయనకి పంపిస్తాను, చిరునామా ఇవ్వండి," అని రాశారు.

లౌ కెటిల్ అమ్మకం ఆపేశాడు. పెద్ద అమ్మకాల రోజున మిగతా కొట్లవాళ్ళు పార్సిళ్ళు మోయలేక చస్తుంటే మేం తీరిగ్గా పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కూర్చున్నాం. లౌ ఈలలవాడి దగ్గరకు వెళ్ళి పోట్లాడి, దళసరి రేకు మూతలు చేయించి, అడిగినవాళ్ళందరికీ పోస్టులో పంపాడు. సంవత్సరాది బోనసు సగానికి సగం పడిపోయింది. ప్యాకింగులో పనిచేసే ఫూ జిన్‌హువా మొహంమీదే అనేసింది.

"నీ ఈగ మా బోనసు తినేసిందే అక్కా."

కొందరు ఆమెతో మాట్లాడ్డం మానేశారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లల ఫీజులున్నాయి, వాళ్ళను మాత్రం ఏమనగలం? చ్యూలాన్ బెల్లం పాకంలో ముంచిన జంతికలు పొట్లాలు కట్టించుకొచ్చి అందరి బల్లల మీదా పెట్టింది. "తిని తిట్టండి, ఓపిక వస్తుంది," అంది. జిన్‌హువా ఆ రోజు ముట్టలేదు. మర్నాడు తింది.

నువ్వు చేసింది మంచిపనేనని లౌ ఆమెతో ఎన్నడూ అనలేదు. కాకపోతే గోడౌను మూల ఒక పొయ్యి పెట్టించాడు. సరుకు దిగినప్పుడల్లా కొన్ని కాచి చూశాకే అమ్మకానికి పెట్టాలన్నాడు. "నువ్వే చూడు. వినడం నీకేగా బాగా వచ్చు," అన్నాడు విసుగ్గా. పెట్టెల్లో రెండు యువాన్ల చీటీ మాత్రం అలాగే ఉంది. దాన్ని మాన్పించడం ఎవరి తరమూ కాలేదు.

చలికాలం వెళ్ళిపోతుండగా ఒక సెలవురోజున, పాన్ కోసం పోస్టులో వేయకుండా అట్టేపెట్టిన కొత్త మూత చేత్తో పట్టుకుని ఆమె చూజౌ బయల్దేరింది. నన్నూ లాక్కెళ్ళింది. పాన్ కొట్టు ఒక సందులో, ఒకటే గది. బల్ల మీద ఒకాయన బోర్లా పడుకుని గుర్రుపెడుతున్నాడు. పాన్ వేళ్ళ మీద కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది.

"నువ్వేనా బంగారం?" అన్నాడు ఆమె గొంతు వినగానే.

మూత బిగించి నీళ్ళు పెట్టారు. ముగ్గురం ఎదురుచూస్తూ నిలబడ్డాం. కెటిల్ ఒక్కసారిగా కూసేసరికి బల్ల మీదాయన "ఏమైంది, ఏమైంది!" అంటూ తువ్వాలు పట్టుకుని లేచి కూర్చున్నాడు. పాన్ చాలాసేపు పొయ్యి ఆపలేదు. తల పక్కకు వంచి అలా వింటూనే ఉన్నాడు.

"ఇప్పుడు ఐదు వేస్తారా అన్నగారూ?" అడిగింది చ్యూలాన్.

"నాలుగు. చెయ్యి కాలింది నాకు, ఒకటి పట్టుకుంటాను."

భోజనానికి ఆ ఊరి కారం దట్టించిన బాతు తలలు తెప్పించాడు. చ్యూలాన్ కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"ఏడుస్తున్నావా ఏంటి?"

"కారం అన్నగారూ, కారం! మీ ఊరివాళ్ళకి నాలుకలున్నాయా అసలు?"

తిన్నాక ఆయన తన ఫోను ఆమె చేతికిచ్చాడు. అన్నం వండే కుక్కరు ఒకటి కొనాలట. ఏది మంచిదో జనం రాసినవి చదివి చెప్పమన్నాడు. ఫోను చదివితే అన్నీ ఒకే గొంతుతో చదువుతుందట, ఎవరు నిజం చెప్తున్నారో తెలియదట. చ్యూలాన్ కుర్చీ దగ్గరకు లాక్కుని, బస్సుల పేర్లు చదివిన ఆ గొంతుతో, ఒక్కొక్కటే చదవసాగింది.

"'చాలా బాగుంది, పెట్టె అందంగా ఉంది.'"

"వండలేదు వీడు. తర్వాత?"

"'అడుగున కాస్త మాడుతుంది. మా ఆయనకి ఆ మాడే ఇష్టం.'"

పాన్ కుర్చీలో ముందుకు వంగాడు.

"ఈవిడ వండింది," అన్నాడు. "ఇది తెప్పించు."