గోరి దగ్గర వంగిన సాలు

మా ఆయన పిడుగుపాటుకు పోయాడు. పత్తి చేలో, మిట్ట మీద. చేనుకు అటువైపు అడవి మొదలవుతుంది, ఇటువైపు మా గూడెం. పిడుగు పడి పోయినవాణ్ణి పడ్డచోటి నుంచి కదిలించకూడదని మా పెద్దల మాట. అందుకే చేను నడిమధ్యలోనే పూడ్చి, రాళ్లు పేర్చి, సున్నం కొట్టి గోరి కట్టాం. ఏటా పెత్రమాసకు, పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య నాడు, అక్కడ అన్నం, కల్లు పెడతాను. బీడీ ముట్టించి రాయి మీద ఉంచుతాను. చివరిదాకా కాలితే తాగాడనుకుంటాను. గాలికి కాలిందని నాకూ తెలుసు.

నాకు చదువు లేదు. పేరు రాయడం వచ్చు, అంతే. ఇది నేను చెబుతుంటే వేరేవాళ్లు రాస్తున్నారు. దీనికెందుకింత పెద్ద ఆలోచన అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఆయన పోయినప్పటి నుంచి ఒకటే మాట నన్ను తొలుస్తోంది. పైన అంత ఆకాశం. కింద ఇంత అడవి, టేకు చెట్లు, గుట్టలు, అవతల గోదావరి. ఇన్నిటినీ వదిలేసి ఆ పిడుగుకు నా మొగుడే ఎట్లా కనబడ్డాడు? చెయ్యి పనిలో ఉంటే కొంచెం మరుస్తాను. ఊరికే కూర్చుంటే మళ్లీ అదే.

నాకు ఒక్కతే కూతురు. గురుకుల బడిలో పిల్లలకు సైన్సు చెబుతుంది. ఒక ఆదివారం వచ్చినప్పుడు దాన్నే అడిగాను. అది ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. అంతా నలుపు, మధ్యలో నూకగింజంత మెరుపు. అదే మన భూమి అంది, ఎంతో దూరం పోయి తీశారట. గోదావరి ఏది, మన చేను ఏది అని వేలు పెట్టి వెతికాను. వేలు పెడితే భూమే కనబడకుండా పోయింది.

"మనం ఏ లెక్కలకూ రాం అమ్మా. పిడుగు ఎవర్నీ ఎతకదు. పడ్తది, గంతే."

నన్ను ఓదార్చడానికే అంది. కానీ, లెక్కకు రాని మనిషి కోసమా నేను ఇన్నేళ్లుగా అన్నం పెడుతున్నది? ఆయన పొద్దున్నే దగ్గే దగ్గు, చెప్పులు విడిచిన చోటు, ఉప్పు తక్కువైతే విసిరిన చెయ్యి, ఇవన్నీ ఆ నూకగింజలో ఎక్కడ పట్టాయి?

అప్పటికే నాకు మోకాళ్లు పోయాయి, పత్తి చేయలేకపోతున్నాను. చేనంతా పామాయిల్ పెడదామని కూతురు తేల్చింది. చెట్ల వరసల మధ్య ట్రాక్టరు తిరగాలి కదా, గోరి రాళ్లు తీసి గట్టు మీద పెడదాం, కాస్త మట్టి కూడా తీసుకుందాం అంది. నేను వద్దన్నాను.

"గంత పెద్ద లోకంల గోరి ఈడుంటేంది, గట్టు మీదుంటేందమ్మా?"

"గంత పెద్ద లోకంల నీకు ఈ జానెడు జాగనే అడ్డమొచ్చిందా బిడ్డా?"

అది కంచం ముందు నుంచి లేచిపోయింది. రెండు నెలలు మా మధ్య ముక్తసరి మాటలే. చివరికి నేనే సరేనన్నాను. రేపు ఆ చేను చూసుకోవాల్సింది అదే.

అశ్వారావుపేట నుంచి మేస్త్రి వచ్చాడు. పని చేసేవాళ్లు మాత్రం మా చుట్టుపక్కలవాళ్లే. తాడు లాగి, ఎక్కడ చెట్టు రావాలో అక్కడ వెదురు పుల్ల దిగగొట్టాలి. ఒక సాలును కొలిచి దాని పక్క సాలు వేస్తారు. ఒక పుల్ల సరిగ్గా గోరి నెత్తిన వచ్చింది. ఎట్లాగూ రాళ్లు తీసేదే, అక్కడే కొట్టండని చెప్పి మేస్త్రి ఇంకో మోపు పుల్లలకు రోడ్డు మీదికి పోయాడు.

అతను తిరిగొచ్చేసరికి గోరి పక్కన సాలు వంగి ఉంది. పుల్లను మూరెడు పక్కకు జరిపారు. ముందూ వెనకా పుల్లల్ని దానికి తగ్గట్టు సర్దారు. ఆ సాలును కొలిచి వేసిన పక్క సాలూ వంగింది, దాని పక్కదీ వంగింది. అడవి అంచు దాకా అదే వంపు. కండ్లు కనబడతలేవా అని మేస్త్రి అందరి మీదా అరిచాడు. పనికొచ్చిన ఒక పెద్దామె కొంగు దులుపుకుంటూ లేచింది.

"పిడుగు మనిషి నెత్తిన పుల్ల కొడ్తమా? సుత్తె గిదో, నువ్వే కొట్టరాదు?"

మేస్త్రి సుత్తె అందుకున్నాడు. మబ్బు కూడా లేని ఆకాశం వైపు ఒకసారి చూశాడు. సుత్తె కింద పెట్టి నీళ్లు తాగడానికి పోయాడు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నా కూతురు గట్టు మీద నిలబడి, ఒక కన్ను మూసి సాలు పొడవునా చూసింది. అన్నీ పీకించేస్తుందనుకున్నాను. మెల్లగా నడిచొచ్చి గోరి మీద కూర్చుంది. పూడ్చిన రోజు తర్వాత అది ఆ రాళ్ల దగ్గరికి రావడం అదే మొదలు.

"నాతోటి మాట్లాడటానికే మిట్టెక్కిండమ్మా. ఉరుముతాంది, ఫోన్ పెట్టెయ్ నాయినా అన్న. ఒక్క నిమిషం బిడ్డా అన్నడు."

మా గూడెంలో ఫోన్ అందదు, ఆ మిట్ట మీదే అందుతుంది. పోయినప్పుడు ఆయన చేతిలో ఫోన్ ఉందని ఊరంతటికీ తెలుసు. ఆ నిమిషాన్ని ఇది తన మీద వేసుకుని మోస్తోందని మాత్రం నాకు తెలియదు. పిడుగు వెతుక్కుంటూ వచ్చిందని నేను అన్నప్పుడల్లా, నీ మాట పట్టుకునే వచ్చింది అన్నట్టు దానికి వినబడేది. ఆ నల్లబొమ్మ దానికెందుకు కావాలో అప్పుడు తెలిసింది. అందులో ఎవరి తప్పూ కనబడదు.

నేనేం చెప్పను? ఆయన ఏ లెక్కకూ రాడంటే నా బిడ్డకు బరువు దిగుతుంది. నా నోటికి ఆ మాట రాలేదు.

"ఆ నిమిషం అడిగింది ఆయన. నువ్వు గాదు," అన్నాను.

పుల్లలు పీకమంటారా ఉంచమంటారా అని మేస్త్రి దూరం నుంచే అడిగాడు.

"గిట్లుంటే చెట్లు కాస్తయా?" అంది నా కూతురు.

"చెట్టుకు వంకర తెల్వదమ్మా. ట్రాక్టరోడు తిడ్తడు, గంతే."

"తిట్టనీ."

ఇప్పుడు మొక్కలు నడుమెత్తు వచ్చాయి. ట్రాక్టరు డ్రైవరు ఆ వంపు దగ్గర ప్రతిసారీ గొణుగుతాడు, ఇదేం సాలు అని. అది వింటుంటే నాకు కాసేపు బాగుంటుంది. అతను పోయాక మళ్లీ పైకి చూస్తాను. అంత ఆకాశం. మళ్లీ అదే మాట.

ఉరుములు ఉన్నంతసేపూ నా కూతురు ఫోన్ చేయదు. వాన వెలిశాకే చేస్తుంది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే, యాడున్నవమ్మా అని. ఇంట్లనే అంటాను. ఇంట్లో ఉంటే ఫోన్ అందదని దానికీ తెలుసు.