వగరు ఎక్కడ తగిలింది

పోయిన వారం రాజమండ్రిలో, గోదావరి కనబడే ఒక హోటల్లో మా ల్యాబు వాళ్ళ విందు జరిగింది. ఎవరో నా చేతికి ఎర్ర వైను గ్లాసు ఇచ్చారు. పెదవి దాకా తెచ్చానో లేదో, తడిసిన నేరేడుపళ్ళ వాసన, దాని వెనకే ఎండిన వక్కల వాసన వచ్చాయి. చుట్టూ ఉన్న మాటలు మెల్లగా దూరమయ్యాయి. కిటికీ అవతల నది కదులుతోందో ఆగి ఉందో తెలియడం లేదు. నేను మాత్రం కడియంలో, ఆకుపచ్చ వల కప్పిన షెడ్డు కింద, రాజ్యలక్ష్మి గారి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాను.

వ్యవసాయ డిప్లొమా చదివి నేను మొదట చేరింది ఆవిడ నర్సరీలోనే. అప్పటికే ఆవిడకి అరవై దాటాయి. భర్త పోయాక ఎకరాల కొద్దీ మొక్కల్ని ఒంటిచేత్తో పెంచుకొచ్చిన మనిషి. నేతచీర, చెవులకి చిన్న దిద్దులు, ఎప్పుడు చూసినా మట్టి అంటిన వేళ్ళు. మొక్క ఉన్న కవరు పైకెత్తి, మట్టిని ఒక్కసారి వాసన చూసి, "దీనికి నీళ్ళెక్కువయ్యాయి" అనేవారు. ఆ మాట తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

నాసిక్ వైపు ద్రాక్షతోట వాళ్ళు మా దగ్గర పూలమొక్కలు తీసుకునేవారు. వాళ్ళ మనిషి వచ్చినప్పుడల్లా ఆవిడకి ఒక వైను సీసా కానుకగా తెచ్చేవాడు. శనివారం మధ్యాహ్నం లారీలు వెళ్ళిపోయాక ఆవిడ ఆ సీసా తీసేవారు. పక్కింటి మూర్తి గారు వచ్చేవారు. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. మూడోదాన్ని నేను. ఉల్లిపాయ తినడానికే వారం చూసుకునే కోనసీమ ఇల్లు మాది. మొదటిసారి స్టీలు గ్లాసులో రెండు గుక్కల వైను పోసి ఇచ్చినప్పుడు, ఎవరైనా చూస్తున్నారేమోనని గేటు వైపు చూసి అందుకున్నాను.

"ఎలా ఉంది?" అన్నారావిడ.

"బాగుందండి."

"బాగుందంటే నాకేం తెలుస్తుందమ్మాయ్? నాలుక మీద ఏం జరిగిందో చెప్పు."

నేను ఇంకో గుక్క తీసుకునేలోగా మూర్తి గారు ఆ వైను గురించి ఫోనులో చూసి చదివారు. "బ్లాక్‌బెర్రీ, దేవదారు కర్ర రుచులు ఉంటాయని రాశారండి."

"బ్లాక్‌బెర్రీ మీరెప్పుడైనా తిన్నారా మూర్తి గారూ?"

"లేదండి."

"మరి తినని పండు మీ నోట్లో ఎలా తగిలింది?"

మూర్తి గారు నవ్వేసి ఫోను జేబులో పెట్టుకున్నారు. ఇంకో గుక్క తాగి, కొంచెం సిగ్గుపడుతూ, "మా తాతగారి పొడుం డబ్బా మూత తీసినట్టుందండి" అన్నారు. రాజ్యలక్ష్మి గారి ముఖం విప్పారింది. నేనూ ధైర్యం చేసి, లేత జామకాయ కొరికితే పళ్ళు పట్టేసినట్టుందన్నాను.

"వగరన్నమాట. ఎక్కడ తగిలింది? నాలుక చివరా, పక్కలా?"

"పక్కలండి. చిగుళ్ళ దగ్గర."

ఆవిడ కళ్ళు మూసుకుని తన గ్లాసులోంచి ఒక గుక్క తీసుకున్నారు. నేను చెప్పిన చోటికి నడిచి వెళ్ళి చూస్తున్నట్టు కాసేపు కదల్లేదు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు నాకు కలలో జరిగినవాటిలా అనిపిస్తాయి. వలలోంచి దిగే వెలుతురు ఆకుపచ్చగా మా చేతుల మీద పడేది. ఎక్కడో నీళ్ళ పైపు సన్నగా కారుతూ ఉండేది. ఒక వైను కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పొగలా ఉండేది. ఒకటి దానిమ్మ తొక్క, ఒకటి కొత్త కుండలో మొదటిరోజు నీళ్ళు. తలా అర గ్లాసు మించి తాగేవాళ్ళం కాదు. మాట దొరికేదాకా ఎవరూ ఎవర్నీ తొందరపెట్టేవాళ్ళు కాదు.

తర్వాత కరోనా వచ్చింది. జ్వరం తగ్గింది కానీ ఆవిడకి ముక్కు పనిచేయడం మానేసింది. నాలుకా మొద్దుబారింది. అందరికీ తిరిగి వచ్చినట్టే వస్తుందని డాక్టర్లు చెప్పారు. నెలలు గడిచినా రాలేదు. మల్లెతోటలో నిలబడి, మట్టి చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే వదిలేసేవారు. ఆ చెయ్యి చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

మళ్ళీ ఒక శనివారం ఆవిడే సీసా తీయమన్నారు. "నువ్వు తాగి చెప్పు. నేను వింటాను." వేసవంతా షెడ్డులో ఉండిపోయిన సీసా అది. గుక్క లోపలికి వెళ్ళగానే గొంతు మండింది. పులిసిన గంజి. ఆవిడ నా ముఖంకేసి ఎంత ఆశగా చూస్తున్నారంటే, నా నోట్లోంచి నిజం రాలేదు. "నేరేడుపళ్ళండి. చివర్లో కొంచెం తాటిబెల్లం" అన్నాను. ఆవిడ తృప్తిగా వెనక్కి వాలారు. అంతలో మూర్తి గారు వచ్చి, గ్లాసు నోటికి తగిలించి, "పులిసిపోయిందండి ఇది, పారబోయించండి" అన్నారు.

ఆవిడ కోప్పడలేదు. గ్లాసు మెల్లగా నేల మీద పెట్టారు. "నాకు జాలి వద్దమ్మాయ్. నా ముక్కు పోయింది, ఇప్పుడు నీ ముక్కే నాది. అదీ అబద్ధం చెబితే నేను దేన్ని పట్టుకుని నడవను?"

తర్వాత చాలా శనివారాలు ఆవిడ సీసా తీయలేదు.

ఆ వానాకాలంలో నాగపూర్ వెళ్ళాల్సిన గులాబీ మొక్కల్ని లారీకి ఎక్కిస్తున్నారు. సగం ఎక్కించాక ఒక కవరు ఎత్తి వాసన చూశాను. మురుగు వాసన. ఆ మడి పక్కన కాలవ పూడిక తీయించమని ఆవిడ రెండు వారాల క్రితమే చెప్పారు. రేపు, ఎల్లుండి అంటూ నేనే వాయిదా వేశాను. వాననీళ్ళు వేర్లలో నిలిచిపోయాయి. నోరు మూసుకుంటే లారీ వెళ్ళిపోతుంది. అక్కడికి చేరాక చస్తే దారిలో వడలిపోయాయనుకుంటారు. వాసన పట్టగల మనిషికి ఇప్పుడు ముక్కు లేదు. గొడుగు వేసుకుని ఆవిడ నా వైపే వస్తున్నారు.

"ఏంటమ్మాయ్, ఆగిపోయావు?"

"మురుగు వాసనండి. వేర్లు కుళ్ళుతున్నాయి. కాలవ తీయించలేదు నేను. తప్పు నాదండి."

ఆవిడ కవరు అందుకుని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏమీ తెలియక నాకు తిరిగి ఇచ్చారు. "వాసన ఎంత లోపలుంది? పైమట్టిలోనా, వేరు దగ్గరా?" వైను గురించి అడిగిన గొంతే అది.

"వేరు దగ్గరండి."

"దింపించు."

రోజంతా వానలో మొక్కలు దింపి, కుళ్ళిన వేర్లు కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టాం. తర్వాత వాటిలో సగమే బతికాయి. ఆ సాయంత్రం తడిసిన చీర కొంగు పిండుకుంటూ ఆవిడ, "శనివారం సీసా తీద్దాం, మూర్తి గారికి చెప్పు" అన్నారు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

రెండేళ్ళకి ఆవిడ గుండె బలహీనపడి మంచం పట్టారు. ఒక్క చుక్క కూడా తాగకూడదన్నారు డాక్టర్లు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించి, బీరువాలో ఉన్న సీసా తెమ్మన్నారు. మంచం పక్కన కూర్చుని, ఒక గుక్క తీసుకుని, నాలుక మీద తిప్పి, మెల్లగా మింగాను.

"మొదట ఏమీ లేదండి. ఇప్పుడు... వాన పడబోయే ముందు గాలి. తర్వాత, మాగిన అత్తిపండు విప్పినట్టు. వగరు ఇప్పుడొస్తోందండి."

"ఎక్కడ?"

"నాలుక మధ్యలో. పట్టుబట్ట రాసినట్టుంది."

"పోయిందా?"

"ఇంకా లేదండి."

ఇద్దరం ఎదురుచూశాం. బయట ఎవరో మొక్కలకి నీళ్ళు కొడుతున్నారు.

"ఇప్పుడు పోయిందండి."

ఆవిడ నిండుగా ఊపిరి వదిలారు. "చాలమ్మాయ్. తాగేశాను."

ఆ నెల్లోనే ఆవిడ వెళ్ళిపోయారు.

నేనిప్పుడు మొక్కల తెగుళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. వడలిన మొక్క చేతిలో పట్టుకుని రైతులు వస్తారు. "పర్వాలేదంటారా మేడం?" అని అడుగుతారు. ఏ జవాబు కావాలో వాళ్ళ ముఖాల్లోనే ఉంటుంది. ఆ జవాబు ఇచ్చేయడం చాలా తేలిక. నేను వాళ్ళని కూర్చోమని, వేరు విడదీసి, వాసన చూసి, మాట కోసం ఆగుతాను. తెలిసింది తెలిసినంతవరకే చెబుతాను. తెలియకపోతే, నాకింకా అందలేదండి, రేపొకసారి రండి అంటాను. కొందరు విసుక్కుంటారు. చాలామంది మర్నాడు వస్తారు.