వడ్లుండే మనిషి

2023వ సంవత్సరం. చిత్తూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను సంస్కృతం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఇంటర్‌లో పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కుల కోసమే, నేను చెప్పేదీ అందుకే. బిట్ బ్యాంక్, అంటే పరీక్షలో వచ్చే ప్రశ్నల జాబితా, దాన్ని బట్టీ పట్టిస్తాను. సమాసం, దాని ఎదురుగా విగ్రహవాక్యం, అంటే విడదీసి చెప్పే మాట, ఆ పక్కన సమాసం పేరు. ఎవరైనా అర్థం అడిగితే నాకు చిరాకు.

సత్యవేడు దగ్గరి పల్లె నుంచి వచ్చిన కవిత మాత్రం అడిగేది. "టైము లేదు, రాసుకో" అని కూర్చోబెట్టేదాన్ని. ప్రీ-ఫైనల్‌లో ఆ పిల్ల వ్యాకరణం మొత్తం వదిలేసి తప్పింది. పబ్లిక్ పరీక్షకు తొమ్మిది రోజులుందనగా వాళ్ళ నాయన కూతుర్ని వెంటబెట్టుకుని స్టాఫ్ రూంకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నిట్లో పాసయి దీంట్లోనే పోయినాదంట. బిడ్డ సదవలేదా మేడమ్, మీరు సెప్పలేదా? ఈసారీ తప్పితే ఇంటికి పిలుచుకొని పోతా. ఇంక సదువు వద్దు."

నాకు ఒళ్ళు మండింది. అవతల క్లాసుకు బెల్లు కొట్టేశారు. "అసలేం అర్థం కాలేదే నీకు?" అని కవిత మీద విరుచుకుపడ్డాను.

"బహువ్రీహి అంటే ఏమి మేడమ్? ఆ పేరే తెలీకుంటే ఎట్ల గుర్తుంటాది?"

"బహు అంటే చాలా. వ్రీహి అంటే వడ్లు. ఎవరికి చాలా వడ్లున్నాయో వాడు బహువ్రీహి." గబగబా అనేసి పుస్తకాలు తీసుకున్నాను.

ఆయన అప్పుడు కూర్చున్నాడు. "శానా వడ్లుండే వాడా? అట్లాటోడు మా ఊర్లో ఒకడే ఉండాడు. నేను కాదులే."

కవిత నవ్వలేదు. "అంటే ఆ మాట వడ్లను చెప్పదు, వడ్లుండే మనిషిని చెప్తాది. నీలకంఠుడన్నా గొంతు కాదు, నీలం గొంతుండే సామి. అంతేనా మేడమ్?"

"అంతే" అన్నాను. ఆ పిల్ల అక్కడే నోట్సు తెరిచి మిగతా సమాసాలు ఒక్కొక్కటే విడదీసింది. నేను క్లాసుకు ఆలస్యంగా వెళ్ళాను.

ఆ తొమ్మిది రోజులూ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి చెప్పాను. కవిత పాసయింది. నాకే మనసు కుదుటపడలేదు. పదకొండేళ్లుగా నా ముందు కూర్చున్న వాళ్ళలో సగంమంది వడ్లు పండించే ఇళ్ళ పిల్లలు. బహువ్రీహి అన్న మాటను వాళ్ళ చేత వందసార్లు రాయించాను. అందులోని వ్రీహి వాళ్ళ నాయన పండించే పంటే అని ఒక్కరికీ చెప్పలేదు.