పెరట్లో ఎండాకు

సాక్చి బజార్లో ఛఠ్ పండక్కి చెరకు గడలమ్మే మనిషి చెరకు ఎండాకు మంటేసి చలి కాచుకుంటున్నాడు. ఆ పొగకి బాగ్‌బేరాలో మా చిన్నప్పటి ఇంటి పెరడు గుర్తొచ్చింది.

సొంతూళ్లో పొలం అమ్ముకుని ఇక్కడికి కార్ఖానా పనికొచ్చిన నాన్న, పెరట్లో నాలుగు సాళ్లు చెరకు వేశాడు. గడలు నరికాక ఎండాకంతా మోళ్ల మధ్య పరిచాడు. ఓపిక లేక చెత్త వదిలేశాడనుకున్నాను. ఓ రోజు ఆయన డ్యూటీకి వెళ్లగానే, మెచ్చుకుంటాడని అగ్గిపుల్ల గీశాను.

"ఏటి చేసినావే!" అంది అమ్మ.

సాయంత్రం నాన్న మాడిన పిలకల్ని వేళ్లతో తడిమాడు. "ఊళ్లో నానూ ఇలాగే కాల్చీసీవోణ్ని తల్లీ. నేల్లో తడి సచ్చిపోయి చెరకు పోనాది. ఇక్కడైనా ఆకు కప్పి కాపాడుకుందారనుకున్నాను," అన్నాడు.

ఆ పెరట్లో ఆయన మళ్లీ ఏదీ నాటలేదు. తిట్లు తప్పాయని నేను మాత్రం ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.